అరగంట పని

ఆటో కొత్తపేట పండ్ల మార్కెట్టు దాటి కాస్త ముందుకు పోయి ఆగిపోయింది. ముందర ఒక లారీ, దాని ముందర ఇంకో లారీ, ఆపైన ఎల్బీనగర్ చౌరస్తా దాకా కదలని బండ్లు. ఇప్పట్లో పోయేది లేదని తెలిసి ఆటో నడిపే తిరుపతి ఇంజను బంద్ చేసి, కాళ్ళు బయటకు చాపి, "వంటావార్పు పెట్టిన్రంట. తిని లేచేదాంక తొవ్వ ఇయ్యరు" అన్నాడు, ఎవరికీ కాదు, గాలికి చెప్పినట్టు. రాష్ట్రం కోసం సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు, ఇవాళ ఆ ఉద్యోగులంతా నడిరోడ్డు మీద రాళ్ళు పేర్చి పొయ్యిలు ముట్టించారు. కట్టెల పొగ ఆటో దాకా వస్తోంది, పొగలో పోపు వాసన. అండాలమ్మ వెనక సీట్లో ఒక పక్కకు ఒరిగి, బరువంతా ఎడమ తొడ మీద మోపి కూర్చుంది. పోపులో వెల్లుల్లి మాడిందని ఆమె ముక్కుకు తెలిసిపోయింది. ఏండ్ల తరబడి హాస్టల్ నిండా ఆడపిల్లలకు వండిన ముక్కు అది, ఇంత జరిగిన రోజున కూడా తన పని తాను మానలేదు. పక్కన, ఆమెను ఇంటి దగ్గర దింపడానికి వస్తున్న అమ్మాజీ గారు. దిల్‌సుఖ్‌నగర్‌లో అండాలమ్మ వంట చేసే లేడీస్ హాస్టల్ ఆమెదే, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన మనిషి. ఒడిలో దవాఖాన సంచి, సంచి మీద రెండు చేతులు, చూపు ఎటో.

కరెంటు పెట్టాలె, అన్నది ఇందాక దవాఖానలో డాక్టరమ్మ. చిన్నపిల్ల, తన బిడ్డ గీత కంటే నాలుగేండ్లు పెద్దదేమో, మెడలో నల్లపూసలు కూడా లేవు, పొద్దుటి నుంచి ఏమీ తిననట్టు పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కోసేది లేదమ్మా ఇప్పుడు, కరెంటే, రేడియేషన్ అంటాం. అండాలమ్మకు ఒక్కసారి నవ్వు వచ్చినంత పనయింది, కరెంటు ఎక్కడున్నదమ్మా, సింగరేణిలో బొగ్గు తవ్వుడు బంద్ అయిందని ఊర్లల్ల మోటర్లే నడుస్తలేవు, మా చెల్లె ఫోన్ చేసి వరి ఎండుతున్నదని ఏడ్చింది, వరికి లేని కరెంటు నా కడుపుల పెట్టనీకె యాడికెల్లి తెస్తరు. పైకి అనలేదు. బట్ట కట్టుకోవడానికి తెర వెనక్కి వెళ్తే, ఇవతల ఆ పిల్ల గొంతు తగ్గించి అమ్మాజీతో మాట్లాడింది. తెర గుడ్డది. గొంతు తగ్గిస్తే ఆగుతుందా. మూత్రపిండాలు కూడా వాచినాయి, కరెంటుకు వరసలో చాలా వెనక పడుతుంది ఈమె పేరు, అప్పటిదాకా... మీరు ఏమవుతారు ఈమెకు? మా దగ్గర పనిచేస్తుందండీ. అయితే ఇంట్లోవాళ్ళకు చెప్పండి, నొప్పికి మందు రాస్తాను. ఆ మాట దగ్గర అండాలమ్మకు చీర కుచ్చిళ్ళు చేతిలోంచి జారిపోయాయి. నొప్పికి మందు. మొగుడు లచ్చయ్యకు లివరు చెడినప్పుడు కూడా చివరికి ఇదే మాట అన్నారు. అంతకుముందు ఎన్నో మందులు రాశారు, ఇది దానికి, అది దీనికి అని చెప్పారు. ఏమీ మిగలనప్పుడే నొప్పికి మందు అని దాని పేరు దానికి పెడతారు.

రెండేండ్ల కిందనే రావాల్సింది, అని కూడా అంది ఆ పిల్ల. అందరూ అంటారు, ఎప్పటి సంగతైనా. కానీ అండాలమ్మకు రెండేండ్ల కింద అంటే ఒక హాలు కళ్ళ ముందు నిలబడుతుంది, సరూర్‌నగర్ చెరువు వైపు పోయే దారిలో, పెండ్లిళ్ళు చేసుకునే హాలు, దసరా అయిపోయాక ఒక ఆదివారం. స్టేజీ మీద ఎవరి పెండ్లిదో థర్మాకోల్ అక్షరాలు ఇంకా ఊడకుండా అతికి ఉన్నాయి. గర్భసంచి మూతికి కాన్సరు రాకముందే కనిపెట్టే పరీక్ష, పైసా ఖర్చు లేదు అని మైకులో చెప్తే బస్తీ ఆడవాళ్ళంతా వచ్చారు గానీ తెర వెనక్కి పొమ్మంటే ఒక్కరు కదలలేదు, ఒకరి మీద ఒకరు పడి నవ్వడమే. అప్పుడు ఈ అమ్మాజీ గారే లేచింది. హాస్టల్ పనివాళ్ళను ముగ్గురినీ ఆమే వెంటబెట్టుకొచ్చింది. "ఏం కాదర్రా, చూడండి, ముందు నేనే పడుకుంటున్నా" అని చెప్పులు విడిచి, గాజులు వెనక్కి నెట్టుకుని, దర్జాగా పోయింది తెర వెనక్కి. ఆమె వెనకే అండాలమ్మ. ఇనుప గరిటె లాంటిది చల్లగా తగిలింది, చిన్న కుంచెతో లోపల తిప్పి ఆ తడిని గాజు ముక్క మీద పూశారు, ఇంకో కుంచెను ఒక సీసాలో ముంచారు, అంతే. ముగ్గు వేసినంత సేపు కూడా పట్టలేదు. కంటికి కనపడని పురుగమ్మా, అని చెప్పింది ఆనాటి డాక్టరు. చాలామందికి వస్తుంది, దానంతట అదే పోతుంది, కొందరిలో పోకుండా ఉండిపోతుంది, ఉండి ఉండి ఏ పదేండ్లకో పుండు చేస్తుంది, పుండు కాకముందే పట్టుకుంటే చిటికెలో తీసేస్తాం. ఎట్లొస్తది మేడమ్ అని ఎవరో అడిగారు. మగవాళ్ళ నుంచి. హాలంతా గొల్లుమంది. మరి ఆల్లకేం గాదా? వాళ్ళకు సాధారణంగా ఏమీ కాదు. గంతే గద, అంది వెనక బెంచీలో ఒక ముసలామె, అందరూ ఇంకా నవ్వారు, అండాలమ్మ కూడా నవ్వింది.

లచ్చయ్య ఇసుక లారీ తోలేవాడు. నకిరేకల్లు, సూర్యాపేట, బెజవాడ దాకా. ఆమెకు పద్నాలుగేండ్లప్పుడు పెండ్లి చేసుకుని తెచ్చుకున్నాడు, ఆమె భుజం అతని మోచేతికి వచ్చేది. వారం పది రోజులకు ఇంటికి వస్తే చెవుల్లో కూడా ఇసుక, ఒళ్ళంతా డీజిలు, చేతిలో మాత్రం ఏదో ఒకటి ఉండేది, సీతాఫలాలో, మొక్కజొన్న కంకులో, ఒకసారి కుందేలు పిల్ల. వచ్చీ రాగానే నవ్వేవాడు. ఆ నవ్వుకే ఆమె అన్నీ మర్చిపోయేది. ఇప్పుడు మర్చిపోకుండా వెతుకుతోంది. ఏ రాకడలో తెచ్చాడు ఆ పురుగును? కుందేలు పిల్ల తెచ్చిన రోజునా? కొడుకు రాజు పుట్టాక, గీత కడుపులో పడకముందు ఒక వానాకాలం అతను నెల రోజులు రాలేదు, వచ్చాక ముఖం చూపించలేకపోయాడు, ఆమె అడగలేదు, అడిగితే నవ్వు పోతుందని భయం. అప్పుడా? ఎప్పుడైతేనేం, పండ్లతో పాటు తెచ్చి ఇచ్చాడు, ఆమె కొంగు పట్టి తీసుకుంది. అడుగుదామంటే మనిషి లేడు, మన్సూరాబాద్ వెనక గుట్టల దగ్గర శ్మశానంలో కాలి బూడిదై ఆరేండ్లయింది. చచ్చినోని మీద ఎంత కోపం తెచ్చుకుంటే మాత్రం అది ఎటు పోతది, తిరిగొచ్చి మన కడుపులనే పడ్తది. పాపం అతనికైనా తెలుసా. తెలియదు. తెలిసుంటే, ఏమో, తెలిసినా నవ్వేవాడే.

లారీ డ్రైవరు దిగి సిగరెట్టు ముట్టించాడు. ముందరెక్కడో డప్పు మొదలైంది, ఆ దెబ్బ ఆటో రేకులోంచి ఆమె నడుములోకి దిగుతోంది. పరీక్షలో తేడా ఉందట అండాలూ, పెద్దాసుపత్రికి రమ్మన్నారు నిన్ను, అని అమ్మాజీ గారే చెప్పింది ఆ క్యాంపు తర్వాత. హాస్టల్ ఫోనుకు వచ్చిన కబురు అది. వాళ్ళు రమ్మన్న రోజున సిటీ అంతా బంద్, కాలేజీ పిల్లలు రోడ్ల మీద, అయినా అండాలమ్మ నడిచే పోయింది, మలక్‌పేట పక్క నుంచి మూసారాంబాగ్ వంతెన దాకా. వంతెన కాడ పోలీసులు, పొగ గోలాలు, కళ్ళు ఉల్లిగడ్డలు కోసినట్టు మండిపోయాయి, ఎటుపోతున్నవమ్మా ఇంటికి పో అని ఒక పోలీసాయన కర్ర అడ్డం పెట్టి మళ్ళించాడు, మంచోడే, తాగడానికి నీళ్ళు ఇచ్చాడు. సంక్రాంతి అయ్యాక మళ్ళీ పోయింది. ఆ క్యాంపు డాక్టర్లు వెళ్ళిపోయారు, ఆ స్కీము అయిపోయింది, ఆ మిషన్లో గ్యాసు కూడా లేదు, పై నెలలో రా అన్నారు. పై నెలలో హాస్టల్ నిండా పరీక్షల పిల్లలు, పొద్దున రొట్టెలు, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ రొట్టెలు. మేడమ్, జర మీరన్న ఫోన్ జేసి అడుగుర్రి, అంటే, అమ్మాజీ గారు కనుక్కుంటాలే అంది. ఆ తర్వాత తను అడగలేదు, అమ్మాజీ గారు చెప్పలేదు. నొప్పి ఉంటే అడిగేదే. నొప్పి లేని దాన్ని రోగమని ఎట్లనుకుంటరు, ఆకలి కాకుండనే అన్నం తినుమన్నట్టు ఉంటది. పోయిన ఎండాకాలం, ఎప్పుడో ఆగిపోయిన ముట్టు మళ్ళీ వచ్చినట్టు మరకలు కనపడితే, ఓసి నీ, మల్ల పడుచుదాన్నయితున్ననా అని బాత్రూములో తనలో తాను నవ్వుకుంది కూడా. తర్వాత వాసన మొదలైంది. గుడ్డ మీద గుడ్డ పెట్టుకుంది, రోజుకు మూడుసార్లు స్నానం చేసింది, ఒంటికి పసుపు పూసుకుంది, సాంబార్లో ఇంగువ ఎక్కువ వేసింది. అయినా ఒకరోజు వడ్డిస్తుంటే మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక పిల్ల, మంచి పిల్ల, ముక్కు మూసుకోలేక, మూసుకోకుండా ఉండలేక, కళ్ళ నీళ్ళతో ప్లేటు తీసుకుని మేడ మీదికి పోయింది. ఆ పిల్ల చెప్పబట్టే అమ్మాజీ గారు ఇవాళ ఆటో మాట్లాడుకుని తీసుకొచ్చింది.

చిటికెలో తీసేస్తాం అన్నది ఆనాటి డాక్టరు. ఎట్ల తీస్తరు అని ఇవాళ అడిగింది అండాలమ్మ, ఉత్తగనే, తెలుసుకుందామని. ఎండిన పెదవుల డాక్టరు పిల్ల ఓపికగా చెప్పింది. చల్లటి గ్యాసు పెట్టి అక్కడ చర్మాన్ని గడ్డకట్టిస్తామమ్మా, మత్తు కూడా అక్కర్లేదు, తర్వాత ఒక నెల ముట్టు దారిన నీళ్ళు నీళ్ళుగా పోతుంది, ఆ నెల బరువులు ఎత్తకూడదు, అంతే. నీళ్ళు నీళ్ళుగా. డప్పు దెబ్బల మధ్య ఆ మాట ఆమెలో ఎక్కడో తగిలి ఆగింది. నెల రోజులు నీళ్ళు నీళ్ళుగా. హాస్టల్ మేడ మీద గది, కిటికీకి మూసిన తెర, మంచం మీద అమ్మాజీ, ఆ చలికాలమే, వంతెన కాడి నుంచి తను కళ్ళు మంటలతో తిరిగి వచ్చిన ఆ రోజుల్లోనే. ఏందమ్మా పరేషాన్ అంటే ఒంట్లో వేడే అండాలూ, అంది. వేడికని తనే రాగిజావ కాచి మజ్జిగ కలిపి మెట్లెక్కి ఇచ్చి వచ్చేది. మందుల షాపు నుంచి పేపర్లో చుట్టిన ప్యాడ్ల పొట్లాలు తనే తెచ్చేది, ముట్టు ఆగిపోయిన మనిషికి ఇన్నెందుకని అనుకుంది కూడా. బియ్యం బస్తా పక్కకు జరపమంటే, నన్ను బరువులు ఎత్తొద్దన్నారే, అంది. ఎవరన్నారు? అడగలేదు. ఇప్పుడు పక్కకు తిరిగి చూసింది. అమ్మాజీ మెడ కింద చెమట, నిండైన చెంపలు, బతికే మనిషి చెంపలు.

"మేడమ్," అంది. "మీకు గూడ వచ్చిందా అప్పుడు?"

అమ్మాజీ గారు ఏమిటని అడగలేదు. సంచి మీద చేతులు కదిలాయి. "ఊఁ," అంది.

"యాడ చేయించుకున్నరు?"

"ఇక్కడే. నర్సింగ్‌హోమ్‌లో." గడ్డంతో వెనక్కి చూపించింది, ఆ పండ్ల మార్కెట్టు వైపు. ఇందాక ఆటో దాని ముందు నుంచే వచ్చింది కాబోలు. "అరగంట పట్టింది."

"నొప్పయిందా?"

"లేదే." తిరుపతి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "చెప్పుకునే జబ్బా అండాలూ అది? మగాళ్ళ నుంచి వస్తుందని ఆవిడ మైకులో చెప్పింది కదా. మా ఆయన్ని జనం ఏమనుకుంటారు? నువ్వు వంటింట్లో ఆ ఇద్దరితో అంటే, వాళ్ళు పిల్లలతో అంటే... నీకు పెద్దాసుపత్రిలో చేసేస్తారనే అనుకున్నాను. ఒట్టు."

అండాలమ్మ తల ఊపింది. ఒట్టు అక్కర్లేదు, నిజమే అయి ఉంటుంది. అనుకుని ఉంటుంది. అమ్మాజీ గారి మొగుడు మల్లికార్జునరావు సారు, తెల్ల లాల్చీ వేసుకుని, శనివారం శనివారం హాస్టల్ గేటుకు కొబ్బరికాయ కొట్టే మనిషి, ఆయన కూడా తెచ్చాడన్నమాట, లచ్చయ్య లాగే. తెచ్చిన మొగోళ్ళిద్దరూ ఒకటే, పురుగు ఒకటే, తెర ఒకటే, ఆ కుంచెలు కూడా ఒక్క డబ్బాలోవే. కోపం రావాలని చూసింది. వస్తుందేమోనని కాసేపు ఆగింది కూడా. రాలేదు, దానికీ ఓపిక ఉండాలి కాబోలు. ఇంత పని అరగంటలో అవుతుందని, ఇదిగో ఈ రోడ్డు మీదే ఉందని, అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే, కాళ్ళు పట్టుకోకపోదునా, జీతంలో పట్టుకోమనకపోదునా, నడిచి రాకపోదునా. హాస్టల్ నుంచి ఎంత దూరం, కూరగాయలకు రోజూ వచ్చే దూరమే గదా. మరి తనైనా ఎవరికి చెప్పింది? రాజుకు చెప్పిందా? కొడుకుకు ఏమని చెప్తుంది, మీ నాయిన ఇచ్చిండు బిడ్డా అనా? వాసన వస్తుందని రాత్రుళ్ళు బయట అరుగు మీద పడుకుంటే, ఉక్కపోతమ్మా అని వాడే చాప తెచ్చి వేశాడు. గీతకు చెప్పాలి. ఆ పిల్లను కూడా తెర వెనక పడుకోబెట్టాలి, దాని మొగుడు కూడా డ్రైవరే, కానీ ఎక్కడ, ఇప్పుడు ఏ హాలులో మైకు మోగుతోంది, గ్యాసు ఎవరి దగ్గర ఉన్నది. భువనగిరిలో ఉన్న పిల్లకు ఫోనులో ఏ మాటతో మొదలుపెట్టాలి. మొదలుపెట్టదు. తనకు తెలుసు, మొదలుపెట్టదు.

బండ్ల మధ్య నుంచి గులాబీ కండువాల పిల్లలు ముగ్గురు నలుగురు వచ్చారు, ఒక్కో బండిలోకి తొంగి చూస్తూ. "ఏడికెల్లి ఒస్తున్నరమ్మా? ఎవలు మీరు?" అని ఒకడు ఆటోలోకి వంగి అమ్మాజీనే అడిగాడు, మెడలో గొలుసు ఆమెకే ఉంది కాబట్టి. అమ్మాజీ నోరు తెరిచి మూసుకుంది. నోరు విప్పితే గుంటూరు బయటపడుతుంది. ఈ నెల రోజుల్లో బజారుకు పోయినా వేలితో చూపించి కొనుక్కొస్తోందని అండాలమ్మకు తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు ఆమెను, అంటారేమోననే భయం. "మావోల్లే బిడ్డా," అంది అండాలమ్మ. "దవాఖానకెల్లి ఒస్తున్నం." మాట పూర్తికాకముందే ఆ పిల్లల వెనక నుంచి, "అమ్మా! గిక్కడున్నవేందే?" అని రాజు.

చేతిలో విస్తరి, మోచేతుల దాకా పప్పు, ముఖం వెలిగిపోతోంది. బస్సు డిపోలో కాంట్రాక్టు మెకానిక్కు వాడు, నెల నుంచి పని లేదు, జీతం లేదు, పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషంగా వాడిని ఆమె చూడలేదు. ఈ నవ్వు తనకు తెలుసు. చెవుల్లో ఇసుకతో వచ్చిన నవ్వే. రాజు ఆమెను చూశాడు, అమ్మాజీని చూశాడు, ఒడిలో సంచిని చూశాడు. ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. "దవాఖానకా? ఎవలకు? నీకేమయిందే?"

ఇదే, చెప్పాల్సిన చోటు. నడిరోడ్డు, డప్పులు, పొయ్యి మీద అన్నం, ఊరంతా ఒక్కచోట చేరిన రోజు. అమ్మాజీ గారి వేళ్ళు సంచి తాడును మెలిపెడుతున్నాయి, ఇంట్లోవాళ్ళకు చెప్పండని డాక్టరు చెప్పింది ఆమెకే. అండాలమ్మ కొడుకు ముఖం చూసింది. చెప్తే ఇప్పుడే విస్తరి కింద పడేస్తాడు. తనను ఎత్తుకుని ఆ డాక్టరు దగ్గరికే మళ్ళీ పరిగెత్తుతాడు, అప్పు తెస్తాడు, ఏ ప్రైవేటు దవాఖాన మెట్ల మీదో కూర్చుంటాడు, చివరికి వాడి చేతిలో కూడా నొప్పికి మందే పెడతారు. ఎప్పుడు చెప్పినా అదే. ఇవాళ్టికి మాత్రం తిననీ.

"నాకేమయితదిరా," అంది. "మేడమ్‌కు ఒంట్ల బాగలేదు. ఒక్కతే పోలేనన్నది, తోడువోయిన."

రాజు అమ్మాజీ వైపు వంగాడు. "అయ్యో, ఏమయింది మేడమ్?" ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది, చెంపల మీద నీళ్ళు జారిపోతున్నాయి. తుడుచుకోవడం లేదు. రాజు అది చూసి ఇంకేమీ అడగలేదు. వాడు మంచివాడు. ఈ మేడమ్ అమ్మకు ఇచ్చిన జీతంతోనే పదో తరగతి దాకా చదువుకున్నానని వాడు మరిచిపోలేదు. "పైలం మేడమ్. మా అమ్మ ఉన్నది గద, చూస్కుంటది," అన్నాడు. విస్తరి తల్లి ఒడిలో పెట్టాడు. "నువ్వు తిను ముందు, ముఖం పీక్కపోయింది. మేమే వండినం. ఇంకెన్ని దినాలే, రాష్ట్రమొస్తే నాది పర్మినెంటయితది, నువ్వు గా హాస్టల్ల పొగల మాడుడు బంద్ జేద్దువు. ఇంట్ల కూసుండవెట్టి నేనే వండి పెడ్త నీకు."

"సరే బిడ్డా," అంది.

వాడు ఆటో పక్కన నిలబడి, ఆమె నాలుగు ముద్దలు మింగేదాకా కదలలేదు. అన్నం మెత్తగా అయింది, పప్పులో వెల్లుల్లి మాడింది, ఆమె మింగింది. వాడు వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకెత్తి, "పేషెంట్ ఉన్నది! జరుగుర్రి, ఆటోకు తొవ్వియ్యిర్రి!" అని అరిచాడు. ఆ అరుపును ఇంకొకడు అందుకున్నాడు, వాడి నుంచి ఇంకొకడు. లారీ వాళ్ళు తిట్టుకోకుండా బండ్లు పక్కకు తీశారు, ఇనుప బారికేడును నలుగురు కలిసి ఎత్తారు, పొయ్యిల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు గిన్నెలు పక్కకు జరుపుకుని, విస్తళ్ళు చేతుల్లోకి తీసుకుని లేచి నిలబడ్డారు. తిరుపతి ఇంజను స్టార్టు చేసి ఆ సందులోకి ఆటోను పోనిచ్చాడు. రెండు వైపులా జనం వంగి లోపలికి చూస్తున్నారు, ఏడుస్తున్న అమ్మాజీని చూసి పాపం, పాపం అంటున్నారు. ఒక ముసలామె చెయ్యి లోపలికి చాపి ఆమె మోకాలు తాకి, మంచిగయితవు తల్లీ, అంది. డప్పు కొట్టేవాడు ఆటో దాటేదాకా చెయ్యి ఆపాడు. రాజు కొంత దూరం ఆటో పక్కనే పరిగెత్తాడు, తర్వాత ఎవరో పిలిస్తే అటు మళ్ళి జనంలో కలిసిపోయాడు. అండాలమ్మ తల బయటపెట్టి చూసింది, ఎన్ని కండువాలో, వాడిది ఏదో తెలియలేదు.

చౌరస్తా దాటాక మన్సూరాబాద్‌లో ఆమె ఇంటి వైపు పోయే రోడ్డంతా తవ్వి వదిలేసి ఉంది. మొదటి గుంతలో చక్రం పడగానే ఆమె రెండు చేతులతో ముందరి సీటు కడ్డీని పట్టుకుంది, కళ్ళ ముందు తెల్లగా అయింది, మింగిన ముద్దలు గొంతు దాకా వచ్చి ఆగాయి. అమ్మాజీ గారు ఉలిక్కిపడి ఇటు తిరిగింది, చెయ్యి సగం చాపింది, ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలోనే ఉంచింది. అద్దంలో తిరుపతి ఇద్దరినీ చూస్తున్నాడు.

"మెల్లగ పోనియ్యి తిరుపతీ," అంది అండాలమ్మ, పండ్లు బిగబట్టి. "మేడమ్‌కు నొప్పయితది."